పొట్టి చొక్కా పేరున ఓ వంటగది

కేంబ్రిడ్జ్ కాలేజీల్లో విద్యార్థుల గదుల పక్కన ఉండే ఇరుకు వంటగదిని 'జిప్ రూమ్' అంటారు. కెటిల్, చిన్న ఫ్రిజ్, మైక్రోవేవ్ ఉంటే గొప్ప. తాలింపు వేస్తే వరండా అంతా దగ్గులే. ఈ 'జిప్' ఒకప్పుడు కాలేజీ పనివాడని, ఆ పేరు బహుశా పాత ఫ్రెంచి 'జుపో' నుంచి దిగిందని తెలిసి నాకు భలే ముచ్చటేసింది. జుపో అంటే పొట్టి చొక్కా. అది ఇంగ్లీషులో 'జిప్పో' అయి, తొడుక్కున్న వంటింటి కుర్రాడికే అంటుకుంది. మన కచేరీల్లో డవాలా వేసుకున్నవాడు డవాలా బంట్రోతు అయినట్టే. కుర్రకారు మాత్రం అది గ్రీకులో రాబందు పేరని వేళాకోళం చేసేవారు. మిగిలిందల్లా ఎత్తుకుపోతాడని! ఇదే పనివాడు ఆక్స్‌ఫర్డ్‌లో 'స్కౌట్', డబ్లిన్‌లో 'స్కిప్'.

అంతకుముందు ఈ చాకిరీలో చాలా భాగం చేసింది విద్యార్థులే. వాళ్లు సైజర్లు. కాలేజీ కొట్టు నుంచి ఇచ్చే రొట్టె, బీరు వంతుకు 'సైజ్' అని పేరు. దాని మూలమూ ఫ్రెంచే. ఫీజు తగ్గినందుకు దొరబిడ్డల బూట్లు తుడవాలి, వడ్డించాలి, రాత్రి కుండలు పారబోయాలి, పెద్దలు లేచాక మిగిలింది తినాలి.

1661 జూన్‌లో ట్రినిటీ కాలేజీలో చేరిన పద్దెనిమిదేళ్ల న్యూటన్ సైజర్ కంటే ఓ మెట్టు కిందివాడు, సబ్‌సైజర్. తల్లికి ఆస్తి లేక కాదు, చెయ్యి రాక. రాగానే అతను కొన్నవి: బల్లకు తాళం, సీసాడు సిరా, నోటుపుస్తకం, పౌను కొవ్వొత్తులు, ఓ రాత్రి కుండ. తోటివాళ్లకు అప్పులిచ్చి పద్దు రాసుకునేవాడు కూడా. బంట్రోతు దగ్గర అప్పుచేసే దొరబాబులన్నమాట! 1664లో స్కాలర్‌షిప్ వచ్చాక గానీ ఆ చాకిరీ వదల్లేదు. 1669కల్లా ప్రొఫెసర్.

సెయింట్ జాన్స్ కాలేజీలో 1676లో సబ్‌సైజర్‌గా చేరిన పండితుడు రిచర్డ్ బెంట్లీ 1700లో ట్రినిటీకే అధిపతి అయ్యాడు. 1787లో అక్కడికే సైజర్‌గా వచ్చిన కవి వర్డ్స్‌వర్త్‌కు దొరికింది కాలేజీ వంటశాల మీది గది.

తర్వాత చాకిరీ జీతగాళ్లకు పోయింది, సైజర్‌షిప్పు ఉత్త ధనసహాయమైంది. మంచిదే. కానీ ఆ అవమానపు తలుపు గుండానే పేదింటి పిల్లలు లోపలికొచ్చారని మరచిపోలేం. చివరికి జిప్పులూ పోయారు. పక్కలు సర్దే 'బెడర్లు' మిగిలారు.

అదే అవమానపు తలుపు గుండా 1802లో ఐర్లండ్ నుంచి ఓ రైతుబిడ్డ సెయింట్ జాన్స్‌లో సైజర్‌గా చేరాడు. అతని యాస అర్థంకాక రిజిస్టరులో 'బ్రాంటీ' అని రాసుకున్నారు. అతను ఊరుకోలేదు, 'బ్రాంటె' అని దిద్దించాడు. నవలా రచయిత్రులు షార్లెట్, ఎమిలీ, ఆన్‌ల తండ్రి ఆయనే.