చెక్ ఇంజిన్ లైట్ వెలిగితే నాక్ సెన్సర్ మార్చాల్సిందేనా? ముందు సర్క్యూట్ చూడాలి

సూరత్ నగరంలోని డిండోలి, లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. మరమగ్గాల పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలే వాటిలో ఎక్కువ. తర్వాతి తరంలో కొందరు మగ్గం వదిలి ఇతర పనుల్లోకి వెళ్లారు. కారు నడిపి బతికే వారికి డ్యాష్‌బోర్డు మీద చెక్ ఇంజిన్ లైట్ వెలిగితే ఆ రోజు సంపాదన సందేహంలో పడుతుంది. స్కానర్ పెడితే ‘పి0325’ అని కోడ్ వస్తుంది. ‘నాక్ సెన్సర్ పోయింది, మార్చేద్దాం’ అన్న మాట వెంటనే వినిపిస్తుంది. కానీ ఆ కోడ్ చెప్పేది సర్క్యూట్‌లో లోపం ఉందని మాత్రమే. సెన్సర్ ఆ సర్క్యూట్‌లో ఒక భాగం. తీగ, కనెక్టర్, బోల్టు, ఇంజిన్ కంప్యూటర్ మిగతా భాగాలు.

నాక్ అంటే ఏమిటి?

పెట్రోల్ ఇంజిన్‌లో స్పార్క్ పడిన చోటు నుంచి మంట క్రమంగా వ్యాపించాలి. వేడి, పీడనం మితిమీరితే మంట ఇంకా చేరని మిశ్రమం దానంతట అదే ఒక్కసారిగా అంటుకుంటుంది. ఆ దెబ్బకు సిలిండర్ గోడలు కంపించి టకటకమనే లోహపు శబ్దం వస్తుంది. అదే నాక్. ఎక్కువ కాలం కొనసాగితే పిస్టన్, రింగులు, హెడ్ గ్యాస్కెట్ దెబ్బతింటాయి.

ఇంజిన్ బ్లాకుకు బిగించిన నాక్ సెన్సర్ ఈ కంపనాన్ని వినే చెవి లాంటిది. లోపల పీజో విద్యుత్ స్ఫటికం లేదా పింగాణీ బిళ్ల ఉంటుంది. దానిపై ఒత్తిడి పడితే చిన్న వోల్టేజీ పుడుతుంది. ఈ ధర్మాన్ని 1880లో క్యూరీ సోదరులు కనుగొన్నారు. కార్లలో దీని వాడకం 1970ల చివర టర్బో ఇంజిన్లతో మొదలైంది. చాలా ఇంజిన్లలో నాక్ కంపనాలు 5 నుంచి 15 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటాయి. సంకేతం అందగానే కంప్యూటర్ స్పార్క్‌ను కొన్ని డిగ్రీలు ఆలస్యం చేస్తుంది. శబ్దం ఆగాక మెల్లగా పూర్వస్థితికి తెస్తుంది.

సర్క్యూట్ చెడితే ఏమవుతుంది?

నాక్ లేనప్పుడు కూడా నడుస్తున్న ఇంజిన్‌లో ఎంతో కొంత రొద ఉంటుంది. అది కూడా వినిపించకపోతే చెవి పనిచేయడం లేదని కంప్యూటర్ గుర్తిస్తుంది. అప్పుడు చాలా కార్లలో జాగ్రత్త కోసం స్పార్క్‌ను ముందే ఆలస్యంగా ఉంచుతుంది. దాంతో పికప్ తగ్గుతుంది, మైలేజీ పడిపోతుంది.

గుజరాత్‌లో సీఎన్జీ కార్లు ఎక్కువ. సీఎన్జీ ఆక్టేన్ విలువ దాదాపు 120 లేదా అంతకంటే ఎక్కువ కాబట్టి దానిపై నడిచేటప్పుడు నాక్ రావడం అరుదు. అందుకే సెన్సర్ పనిచేయకపోయినా డ్రైవర్‌కు తేడా అంతగా తెలియకపోవచ్చు. గ్యాస్ అయిపోయి పెట్రోల్‌కు మారి, నిండు బరువుతో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. మన ప్రమాణాల ప్రకారం సాధారణ పెట్రోల్ కనీస ఆక్టేన్ 91, ఈ20 పెట్రోల్‌ది 95.

కోడ్ చెప్పేది ఎంత?

పి0325 అంటే మొదటి సెన్సర్ సర్క్యూట్‌లో లోపం. పి0326 అంటే సంకేతం వస్తోంది గానీ ఉండాల్సిన పరిధిలో లేదు. పి0327 అంటే సంకేతం మరీ తక్కువ, పి0328 అంటే మరీ ఎక్కువ. రెండో సెన్సర్ ఉన్న ఇంజిన్లలో దాని కోడ్‌లు పి0330 నుంచి మొదలవుతాయి. కోడ్ చెరిపే ముందు అది నమోదైనప్పటి వేగం, ఉష్ణోగ్రత, లోడ్ వివరాలు రాసుకోవాలి. చెరిపాక వెంటనే తిరిగి వస్తే తీగ తెగడం వంటి స్థిరమైన లోపం కావచ్చు. గతుకుల్లోనో, వర్షంలోనో మాత్రమే వస్తే వదులు కనెక్షన్‌ను అనుమానించాలి.

పరీక్షలు: తేలికైన వాటి నుంచి

మొదటిది కంటి పరీక్ష. ఇంజిన్ చల్లారాక చేయాలి. చాలా నాలుగు సిలిండర్ల ఇంజిన్లలో ఈ సెన్సర్ బ్లాకు పక్కన, ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద ఉంటుంది. కనెక్టర్‌లో పచ్చటి తుప్పు, నూనె, తేమ ఉన్నాయేమో చూడాలి. ఎలుకలు కొరికిన గుర్తులు వెతకాలి. బయట బిగించిన గ్యాస్ కిట్ ఉంటే, దాని కోసం తీగలను కోసి అతికించిన చోట్లు చూడాలి. నాక్ సంకేతం చాలా బలహీనమైనది. దాని తీగ ఇగ్నిషన్ కాయిల్ తీగల పక్కగా వెళ్లినా, చుట్టూ ఉన్న షీల్డు తెగినా తప్పుడు సంకేతం పుడుతుంది.

రెండోది బోల్టు. మధ్యలో రంధ్రం ఉండే చదును రకం సెన్సర్లకు సాధారణంగా 20 న్యూటన్ మీటర్ల బిగింపు కావాలి. కచ్చితమైన అంకె ఆ కారు సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. వదులైతే కంపనం అందదు, అతిగా బిగిస్తే స్పందన మారుతుంది. కింద తుప్పు, రంగు ఉండకూడదు, అదనపు వాషర్ వేయకూడదు.

మూడోది సెన్సర్ నిరోధం. కనెక్టర్ విప్పి మల్టీమీటర్‌తో రెండు పిన్నుల మధ్య చూడాలి. కొన్ని రకాల్లో లక్ష నుంచి మూడు లక్షల ఓమ్‌ల మధ్య, మరికొన్నింటిలో పది లక్షలకు పైగా వస్తుంది. కాబట్టి మాన్యువల్ అంకెతోనే పోల్చాలి. సున్నాకు దగ్గరగా వస్తే మాత్రం లోపల షార్ట్ అయినట్టే.

నాలుగోది తీగలు. బ్యాటరీ నెగెటివ్ తీసి, కంప్యూటర్ వైపు కనెక్టర్ కూడా విప్పాలి. ఒక్కో తీగ రెండు చివరల మధ్య నిరోధం ఒకటి రెండు ఓమ్‌లకు మించకూడదు. తీగకూ బాడీకీ మధ్య, తీగకూ తీగకూ మధ్య కలయిక ఉండకూడదు. కొలుస్తూనే తీగల కట్టను మెల్లగా కదపాలి. అంకె ఎగిరిన చోట లోపం దొరుకుతుంది.

అయిదోది సంకేతం. సెన్సర్ పిన్నులకు మల్టీమీటర్‌ను ఏసీ మిల్లీవోల్టుల్లో పెట్టి, సెన్సర్ దగ్గర బ్లాకును చిన్న రెంచితో తేలికగా తట్టాలి. సెన్సర్‌ను మాత్రం కొట్టకూడదు. తట్టినప్పుడల్లా అంకె కదలాలి. ఆసిలోస్కోప్ ఉంటే అలలు స్పష్టంగా కనిపిస్తాయి. స్కానర్‌లో స్పార్క్ ఆలస్యం మారుతుందేమో చూసే పద్ధతీ ఉంది. అయితే అనేక కంప్యూటర్లు పిస్టన్ నిర్దిష్ట స్థానంలో ఉన్నప్పుడే వింటాయి. అందువల్ల మార్పు కనిపించనంత మాత్రాన సెన్సర్ చెడిందని తేల్చకూడదు.

ఇవన్నీ సరిగా ఉండి కోడ్ మళ్లీ వస్తేనే కంప్యూటర్‌ను అనుమానించాలి. అది చివరి మెట్టు.

చేయకూడని పని

లైట్ ఆర్పడానికి సెన్సర్ స్థానంలో రెసిస్టర్ తగిలించడం కొన్ని చోట్ల కనిపించే కిటుకు. దాంతో కంప్యూటర్ మోసపోయి అంతా బాగుందనుకుంటే, జాగ్రత్త కోసం స్పార్క్‌ను ఆలస్యం చేసే ఏర్పాటు కూడా ఆగిపోతుంది. అప్పుడు నిజంగా నాక్ వచ్చినా ఆపేవారుండరు. ఆ కాస్త ఆదా చివరకు ఇంజిన్ విప్పే ఖర్చుకు దారి తీయవచ్చు.

టకటక శబ్దం వినిపిస్తూ కోడ్ రాకపోతే ఆ దారి వేరు. కార్బన్ పేరుకోవడం, ఇంజిన్ వేడెక్కడం, ఇంధనం పలచబడటం, తక్కువ నాణ్యత గల పెట్రోల్ వంటి కారణాలు వెతకాలి. వదులైన బ్రాకెట్, అరిగిన బేరింగ్ కూడా సెన్సర్‌ను తికమక పెట్టగలవు.

సెన్సర్ మార్చాలంటే చాలా కార్లలో మానిఫోల్డ్ విప్పాలి కాబట్టి విడిభాగానికి తోడు కూలీ కూడా పడుతుంది. అందుకే గ్యారేజీలో అడగాల్సిన ప్రశ్నలు రెండే: సెన్సర్ నిరోధం ఎంత వచ్చింది? తీగలు పరీక్షించారా? ఈ రెండింటికీ అంకెలతో జవాబు వచ్చాకే కొత్త సెన్సర్‌కు డబ్బు ఇవ్వాలి.