అంబేడ్కర్ బలమైన కేంద్రం ఎందుకు అడిగారు? తర్వాత ఏం మారింది?

ఇవాళ్టి ఎపిసోడ్‌ని మా ఇంటికొచ్చిన ఒక ఫోన్ కాల్‌తో మొదలుపెడతాను.

2014 జనవరి 30. నేను అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. మాది ఖమ్మం, అమ్మ వాళ్ళది విజయవాడ. ఆ రోజు ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ విభజన బిల్లుని మూజువాణి ఓటుతో తిరస్కరించింది. కాసేపటికే మావయ్య ఫోన్ చేశాడు. "అయిపోయింది బావగారూ, ఇక విడిపోదు" అన్నాడు. నాన్న, "అసెంబ్లీది అభిప్రాయమేనయ్యా, తేల్చేది పార్లమెంటు" అన్నాడు. నెల కూడా తిరక్కుండా, ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ బిల్లు పాస్ చేసేశాయి. జూన్ 2న తెలంగాణ వచ్చింది. మా ఇంట్లో సగం మంది స్వీట్లు పంచారు, సగం మంది రెండ్రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

నాకు మాత్రం ఒక డౌట్ ఉండిపోయింది. ఒక రాష్ట్రం అసెంబ్లీ "వద్దు" అన్నాక కూడా కేంద్రం ఆ రాష్ట్రాన్ని ఎలా విడదీయగలదు? అంత పవర్ కేంద్రానికి ఎవరిచ్చారు, ఎందుకిచ్చారు? చాలా ఏళ్ళ తర్వాత, ఆఫీసు అయ్యాక రాత్రిళ్ళు రాజ్యాంగ సభ చర్చలు చదవడం మొదలుపెట్టినప్పుడు జవాబు దొరికింది. ఆ జవాబు వెతుకుతుంటే ఒక మనిషి ఆలోచన ఇరవై ఏళ్ళలో ఎలా ప్రయాణం చేసిందో కూడా కనిపించింది. ఆయనే డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్.

1939 నుంచి మొదలుపెడదాం.

బ్రిటిష్ వాళ్ళు 1935 చట్టంలో ఒక ఫెడరేషన్ ప్లాన్ పెట్టారు. బ్రిటిష్ ఇండియా ప్రావిన్సులు, రాజుల సంస్థానాలు కలిపి ఒక కేంద్రం. 1939 జనవరిలో పూణేలో ఇచ్చిన ఉపన్యాసంలో అంబేడ్కర్ ఈ ప్లాన్‌ని గట్టిగా వ్యతిరేకించారు. ఇది చూసి ఆయన అప్పట్లో బలమైన కేంద్రానికి వ్యతిరేకి అనుకుంటే పొరపాటే. తనకి ఒకే ప్రభుత్వం ఉండే ఏకకేంద్ర పద్ధతి అంటేనే ఇష్టమని, అయితే ప్రావిన్సులకి స్వయంప్రతిపత్తి కావాలంటే ఫెడరేషన్ తప్పదని అదే ఉపన్యాసంలో ఒప్పుకున్నారు. మరి అభ్యంతరం ఎక్కడ? ఆ కేంద్రంలో ఎవరు కూర్చుంటారు అన్న దగ్గర. ఫెడరల్ అసెంబ్లీలో 375 సీట్లుంటే, 125 సంస్థానాలవి. వాటిలో కూర్చునేది రాజులు నామినేట్ చేసిన మనుషులు. అంటే ఓటు వేసి పంపిన వాళ్ళ మీద, ఓటే లేని చోటు నుంచి వచ్చిన వాళ్ళు పెత్తనం చేస్తారు. ఇలాంటి కేంద్రం ఎంత బలంగా ఉంటే జనానికి అంత ప్రమాదం అన్నది ఆయన వాదన. చివరికి ఆ ఫెడరేషన్ ఎప్పటికీ అమల్లోకి రాలేదు.

ఇప్పుడు 1946కి వద్దాం. డిసెంబర్ 13న నెహ్రూ రాజ్యాంగ సభలో లక్ష్యాల తీర్మానం పెట్టారు. అప్పటికి టేబుల్ మీద ఉన్నది కేబినెట్ మిషన్ ప్లాన్. దాని ప్రకారం కేంద్రం చేతిలో రక్షణ, విదేశీ వ్యవహారాలు, కమ్యూనికేషన్లు, వాటికి కావలసిన డబ్బు వసూలు చేసుకునే అధికారం మాత్రమే ఉంటాయి. మిగతావన్నీ ప్రావిన్సులకే. ముస్లిం లీగ్‌ని ఎలాగైనా కలుపుకుపోవాలి కాబట్టి కాంగ్రెస్ కూడా దీనికి తలూపింది.

డిసెంబర్ 17న అంబేడ్కర్‌ని మాట్లాడమన్నారు. ఆయన కాంగ్రెస్ మనిషి కాదు, బెంగాల్ నుంచి గెలిచి వచ్చిన ప్రతిపక్షం మనిషి. అయినా సభలో ఆయన అడిగింది 1935 చట్టం ఇచ్చిన దానికంటే కూడా బలమైన కేంద్రాన్ని. అప్పటికి ఆ మాట అనడం గాలికి ఎదురు నడవడమే.

ఎందుకంత పట్టుదల? నాకర్థమైనంతలో దీనికి మూలం ఆయన జీవితంలోనే ఉంది. ఊరి చెరువులో నీళ్ళు తాగనివ్వనిది ఎవరు? ఢిల్లీ కాదు, ఊరే. గుడిలోకి రానివ్వనిది ఊరే, బడిలో దూరంగా కూర్చోబెట్టింది ఊరే. అధికారం ఎంత కిందికి దిగితే అంత ప్రజాస్వామ్యం అని మనం పుస్తకాల్లో చదువుకుంటాం. కిందికి దిగిన ఆ అధికారం ఊళ్ళో పెద్ద కులం చేతిలో పడితే మిగతా వాళ్ళ గతేంటి అన్నది ఆయన ప్రశ్న. 1948 నవంబర్ 4న రాజ్యాంగ ముసాయిదా ప్రవేశపెడుతూ గ్రామాల మీద ఆయన చేసిన ఘాటు విమర్శకి కారణం కూడా ఇదే.

ఈలోగా పరిస్థితే తిరగబడింది. 1947 జూన్ 3న దేశ విభజన ప్లాన్ ప్రకటించారు. లీగ్ కోసం బలహీనమైన కేంద్రం పెట్టాల్సిన అవసరం పోయింది. జులైలో నెహ్రూ అధ్యక్షుడిగా ఉన్న యూనియన్ పవర్స్ కమిటీయే బలమైన కేంద్రం కావాలని రిపోర్ట్ ఇచ్చింది. ఆగస్టు చివర్లో డ్రాఫ్టింగ్ కమిటీ ఏర్పడి, దానికి అంబేడ్కర్ ఛైర్మన్ అయ్యారు. నిన్నటి దాకా ఒంటరిగా అడిగిన మాట ఇప్పుడు అందరి మాట అయిపోయింది.

ఇక నా డౌట్ సంగతి. కొత్త రాష్ట్రాలు ఏర్పాటు చేసే అధికారాన్ని పార్లమెంటుకి ఇచ్చేది ఆర్టికల్ 3. 1948 నవంబర్‌లో దీని మీద చర్చ జరిగినప్పుడు ప్రొఫెసర్ కె.టి. షా ఒక సవరణ పెట్టారు. ప్రతిపాదన ఆ రాష్ట్ర శాసనసభ నుంచే రావాలి అన్నారు. వినడానికి న్యాయంగానే ఉంది కదా? అప్పుడు కె. సంతానం లేచి ఒక ఉదాహరణ చెప్పారు. ఏ ఉదాహరణో తెలుసా? మనదే! మద్రాసు ప్రావిన్సులో ఆంధ్రులు విడిపోతామంటారు, మద్రాసు శాసనసభలో తీర్మానం పెడతారు, మెజారిటీ దాన్ని ఓడిస్తుంది, కథ అక్కడితో ముగుస్తుంది, ఇంకెక్కడికి వెళ్ళాలి అని అడిగారు. షా సవరణ నెగ్గలేదు. ప్రావిన్సుల విషయంలో శాసనసభ అభిప్రాయం తెలుసుకుంటే చాలు, ఒప్పుకోలు అక్కర్లేదు అన్న అంబేడ్కర్ దారే నిలిచింది.

ఇది చదివినప్పుడు కుర్చీలోంచి లేచి రూమంతా తిరిగాను. ఆంధ్రుల కోసం చెప్పిన అదే లాజిక్, 66 ఏళ్ళ తర్వాత ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ "వద్దు" అన్నాక తెలంగాణకి పనికొచ్చింది. మావయ్య బాధ అబద్ధం అని నేను అనను. మా మాటకి విలువ లేదా అన్న ప్రశ్న కోట్ల మందిది. కానీ ఆ రూల్ వెనక ఒక కారణం ఉంది. పెద్ద సంఖ్య మధ్య ఇరుక్కున్న చిన్న సంఖ్యకి పైన ఒక తలుపు తెరిచి ఉండాలని దాన్ని అలా రాశారు.

మరి ఆ తలుపు దగ్గర కూర్చున్న వాడే పెత్తనం మొదలుపెడితే? అంబేడ్కర్‌కి ఇది తెలీదనుకోకండి. మామూలు రోజుల్లో ఎవరి అధికారాలు వాళ్ళకే ఉంటాయని, ఆ పంపకం చేసేది రాజ్యాంగమే తప్ప కేంద్రం దయ కాదని 1949 నవంబర్ 25న వివరించారు. ఎమర్జెన్సీలో మాత్రమే కేంద్రానిది పైచేయి. రాష్ట్రపతి పాలన తెచ్చే ఆర్టికల్ గురించైతే, అది వాడాల్సిన అవసరమే రాకుండా కాగితం మీదే ఉండిపోవాలని 1949 ఆగస్టులో ఆశపడ్డారు. ఆ ఆశ నిలవలేదు. 1951లోనే పంజాబ్‌లో వాడారు. కొత్తగా పుట్టిన ఆంధ్ర రాష్ట్రంలో 1954లో వాడారు. ఇప్పటిదాకా దేశం మొత్తం మీద వందసార్లకు పైనే వాడారు. 1994లో బొమ్మై కేసు తీర్పు వచ్చాకే దానికి గట్టి బ్రేకు పడింది.

1953 సెప్టెంబర్ 2. పొట్టి శ్రీరాములు గారి ప్రాణత్యాగం తర్వాత ఆంధ్ర రాష్ట్ర బిల్లు రాజ్యసభకి వచ్చింది. రాజ్యాంగాన్ని తగలబెట్టాల్సి వస్తే ముందు నేనే తగలబెడతా అని అంబేడ్కర్ అన్నారని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది కదా, ఆ మాట అన్నది ఈ చర్చలోనే. కానీ ఫార్వర్డ్ చేసేవాళ్ళు సందర్భం చెప్పరు. కొత్త రాష్ట్రంలో మెజారిటీ కులాల కింద చిన్న సమూహాలు నలిగిపోకుండా గవర్నర్‌కి ప్రత్యేక అధికారాలు ఉండాలని ఆయన వాదిస్తున్నారు. రాజ్యాంగం రాసింది మీరే కదా అని సభ్యులు ఎత్తిపొడిచారు. అప్పుడొచ్చిన కోపం అది. మన రాష్ట్రం పుట్టిన రోజుల్లోనే, మన ఊళ్ళలోని చిన్నవాళ్ళ గురించి ఆయన భయపడ్డారన్నమాట.

ఇక చివరి మలుపు 1955. భాషా రాష్ట్రాల మీద ఆయన ఒక చిన్న పుస్తకం రాశారు. పాత మాటలకీ ఈ మాటలకీ తేడా కనిపించొచ్చని ముందుమాటలోనే ఒప్పుకున్నారు. 1948లో ఆయన భాషా ప్రావిన్సులకి ఒప్పుకుంటూనే, వాటి అధికార భాష మాత్రం కేంద్రం భాషే కావాలని షరతు పెట్టారు. 1955కి వచ్చేసరికి ఆలోచన ఇంకా లోతుకి వెళ్ళింది. ఒక రాష్ట్రానికి ఒకే భాష ఉండొచ్చు, కానీ ఒక భాష వాళ్ళంతా ఒకే రాష్ట్రంలో ఉండాలని లేదు అన్నారు. ఆంధ్రలో భూమీ ఉద్యోగాలూ పెద్ద కులాల చేతుల్లో ఉన్నాయని, దళితులు వాళ్ళ మీద ఆధారపడి బతుకుతున్నారని కూడా అందులో రాశారు. రాష్ట్రం ఎంత పెద్దదైతే చిన్న సమూహాలు అంత పల్చబడతాయని ఆయన లెక్క.

ఇంకో కొత్త భయం కూడా కనిపిస్తుంది. 1951 లెక్కల్లో ఒక్క ఉత్తరప్రదేశ్ జనాభాయే 6 కోట్లు దాటింది. అలాంటి రాష్ట్రం కేంద్రాన్నే నడిపిస్తే మిగతా వాళ్ళ సంగతేంటి? అందుకే యూపీని మూడుగా, బీహార్‌నీ మధ్యప్రదేశ్‌నీ రెండేసిగా చేయమన్నారు. దక్షిణాది దూరం కాకుండా హైదరాబాద్‌ని రెండో రాజధాని చేయమన్నారు. 2000లో జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్, ఉత్తరాఖండ్ వచ్చాయి. 2014లో తెలుగువాళ్ళకి రెండు రాష్ట్రాలయ్యాయి. 1956 డిసెంబర్ 6న చనిపోయిన ఆయన ఇవేవీ చూడలేదు.

ఇప్పుడు మొత్తం వరసగా పెట్టి చూడండి. 1939లో ఒక కేంద్రాన్ని వద్దన్నారు. 1946లో బలమైనది కావాలన్నారు. 1949లో దానికి హద్దులు చెప్పారు. 1955లో ఆ కేంద్రాన్ని పెద్ద రాష్ట్రాలు మింగేస్తాయేమో అని హెచ్చరించారు. మాట మార్చారని కొందరంటారు. ప్రతిసారీ ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే: ఇక్కడ అందరికంటే బలహీనమైన మనిషి ఎవరు, అన్యాయం జరిగితే వాడు ఎవరి దగ్గరికి వెళ్ళాలి? పరిస్థితి మారినప్పుడల్లా జవాబు మార్చుకున్నారు.

నేను ఉద్యోగం చేసిన రోజుల్లో రిక్వైర్‌మెంట్ అదే ఉండేది, కోడ్ మాత్రం పదిసార్లు మార్చేవాళ్ళం. అది చేతకాని తనం అని ఎవరూ అనలేదు.

మావయ్య, నాన్న ఇప్పటికీ సంక్రాంతికి కూర్చుంటే ఇదే వాదించుకుంటారు. పోయిన పండక్కి నేను సంతానం గారి ఉదాహరణ చెప్పాను. మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే మమ్మల్ని విడదీసిన దారి కూడా మా కోసమే వేశారన్నమాట" అన్నాడు. నాన్న నవ్వలేదు. వాళ్ళిద్దరి మధ్య ఆ టాపిక్ అంత ప్రశాంతంగా ఆగడం నేను చూడటం అదే మొదటిసారి.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.