చిత్తుబుట్టలో దొరికిన చేతిరాత

డ్రేఫస్ కేసు గురించి ఎక్కడ చదివినా ముందుగా వినబడేది ఎమిల్ జోలా పేరే. 1898 జనవరి 13న ఆయన 'లోరోర్' పత్రికలో రాసిన బహిరంగ లేఖకి అంత పేరొచ్చింది మరి. నన్ను మాత్రం ఆ కథలో వదలకుండా పట్టుకున్నవాడు జార్జ్ పికార్ అనే సైనికాధికారి. అతన్ని వీరుడని తేలిగ్గా అనేయలేం.

ఫ్రెంచి సైన్యంలో పరాయి గూఢచారుల్ని పట్టుకునే శాఖకి 'గణాంక విభాగం' అని ఓ అమాయకమైన పేరుండేది. పారిస్‌లోని జర్మన్ ఎంబసీలో ఊడ్చే ఒకావిడ అక్కడి చిత్తుకాగితాలు తెచ్చిస్తే, వీళ్లు ముక్కలు అతికించి చదివేవాళ్లు. 1894లో అలా దొరికిన చీటీలో, జర్మన్లకి చేరవేస్తున్న సైనిక రహస్యాల జాబితా ఉంది. రాసిందెవరు? అందరి చూపూ యూదు కెప్టెన్ ఆల్ఫ్రెడ్ డ్రేఫస్ మీదికి పోయింది. దస్తూరీ అతనిదేనని కొందరు నిపుణులన్నారు, కాదని కొందరన్నారు. అతనికీ, అతని లాయరుకీ చూపించని రహస్య ఫైలొకటి జడ్జీలకి అందింది. డిసెంబరులో యావజ్జీవ శిక్ష వేసి, తర్వాత డెవిల్స్ ఐలండ్‌కి పంపేశారు.

1895 జులైలో పికార్ ఆ విభాగానికి అధిపతి అయ్యాడు. మరుసటి ఏడాది, నలభై ఒక్కేళ్లకే, లెఫ్టినెంట్ కల్నల్. ఇక నోరు మెదపకుండా ఉంటే చాలు, జనరల్ అయ్యేవాడే. కానీ 1896 మార్చిలో అదే ఎంబసీ చెత్తలో చిరిగిన కార్డొకటి దొరికింది. దాని మీద మేజర్ ఎస్టర్‌హాజీ అడ్రసు ఉంది. కొన్ని నెలలకి అతను రాసిన ఉత్తరాలూ చేతికందాయి. పికార్ వాటిని పాత చీటీ పక్కన పెట్టి చూశాడు. ఒకే చెయ్యి. రహస్య ఫైలు తెరిస్తే, అందులో డ్రేఫస్‌ని పట్టించేదేమీ లేదు.

పైవాళ్లకి చెప్పాడు. ఈ రెండు కేసుల్నీ కలపొద్దన్నారు. ఆ యూదుడు దీవిలో పడుంటే నీకేంటి అన్నట్టు జనరల్ గోన్స్ మాట్లాడాడని తర్వాత సాక్ష్యమిచ్చాడు పికార్. ఆ ఏడాది చివర్లో అతన్ని పారిస్ దాటించారు. చివరికి ట్యునీషియాలో తేలాడు. అతని కిందే పనిచేసిన ఆన్రీ, డ్రేఫస్‌కి వ్యతిరేకంగా ఓ దొంగ ఉత్తరం తయారుచేశాడు. 1898లో ఎస్టర్‌హాజీ నిర్దోషిగా బయటికొస్తే, పికార్ ఉద్యోగం పోగొట్టుకుని జైలుకెళ్లాడు.

పోనీ యూదులంటే అభిమానమా అంటే, అదీ లేదు. తోటి అధికారులకున్న చిన్నచూపే అతనికీ ఉంది. మొదట్లో డ్రేఫస్ దోషేనని నమ్మాడు కూడా. మరెందుకు నిలబడ్డాడు? నాకు తోచేదొకటే: ద్రోహిని పట్టుకోవడం అతని పని, అసలు ద్రోహి ఇంకా యూనిఫాంలోనే తిరుగుతున్నాడు. మనలోనే శత్రువున్నాడని అనుమానించడమే ఈ ఉద్యోగం. ఆ అనుమానం 'మనవాడిలా' లేనివాడి మీదికి ఇట్టే పాకుతుంది. దాన్ని సొంత ఆఫీసు ఫైలు మీదికి తిప్పడానికే గుండె కావాలి. పికార్ తిప్పాడు.

1906 జులైలో ఉన్నత న్యాయస్థానం డ్రేఫస్ శిక్షని రద్దు చేసింది. పికార్‌ని బ్రిగేడియర్ జనరల్‌గా వెనక్కి తీసుకున్నారు. అక్టోబరుకల్లా యుద్ధమంత్రి అయ్యాడు. డ్రేఫస్‌కి మేజర్ హోదా ఇచ్చారు గానీ, దీవిలో పోయిన ఏళ్లు సర్వీసులో కలపలేదు. అది సరిచేయమని అడిగితే, మంత్రి పికార్ చెయ్యలేదు. 1907లో డ్రేఫస్ సైన్యం వదిలేశాడు.

నిజం చెప్పినవాడికి పోయిందంతా తిరిగొచ్చింది. ఆ నిజం ఎవరి గురించో, అతనికి రాలేదు.