కృష్ణా డెల్టాలో ధాన్యమే ద్రవ్యం: కొలత, కూలి, కౌలు – ఒక చారిత్రక పరిశీలన

ద్రవ్య చరిత్రను నాణేల చరిత్రగా, బ్యాంకుల చరిత్రగా రాయడం పరిపాటి. ఆ దృష్టిలో వస్తుమార్పిడి నాణెం ఎరుగని కాలపు అవశేషం. నాణెం రాగానే అంతరించవలసినది. కృష్ణా డెల్టా చరిత్ర ఈ అభిప్రాయాన్ని సమర్థించదు. రేవు, రైలు, బ్యాంకు అన్నీ ఉన్న ఈ సీమలో వడ్లు కూలిగా, అప్పుగా, కౌలుగా చెలామణీ అవుతూనే వచ్చాయి. డబ్బు కొరవడినందువల్ల ధాన్యం నిలవలేదు. ధరల ఒడిదుడుకుల భారం ఎవరు మోయాలో అది తేల్చేది, అందుకే నిలిచింది. ఈ వ్యాసం చేసే ప్రతిపాదన ఇదే.

నాణెం ఉన్న చోటే ధాన్యం

తీరాంధ్ర దేవాలయ శాసనాలలో మాడలు, గద్యాణాలతో పాటు పుట్లు, తూములు కనిపిస్తాయి. అఖండదీపానికి గొర్రెలను దానమిచ్చి, వాటి పాడి నుండి నిత్యం నెయ్యి కొలిపించిన దానాలు అనేకం. అక్కడ మూలధనం మంద, దానిపై రాబడి నెయ్యి. 1611లో ఆంగ్లేయులు మచిలీపట్నంలో వర్తకస్థానం నెలకొల్పిన తరువాత అద్దకపు బట్టల వ్యాపారం వరహాలలో, రూపాయలలో సాగింది. 1802 నాటి శాశ్వత శిస్తు విధానం జమీందారుల పేష్కషును నగదులో నిర్ణయించింది. ఊరి లోపల మాత్రం పంటను పంచుకొనే అసరా పద్ధతి మిగిలింది. రేవుకు, సర్కారుకు నాణెం. కళ్లానికి కుంచం: రెండు ద్రవ్యాలూ పక్కపక్కనే నడిచాయి.

కళ్లం: చెల్లింపుల వేదిక

కుప్పనూర్పిడి ముగిసిన కళ్లమే సంవత్సరపు లెక్కలు తేలే చోటు. కమ్మరి, వడ్రంగి, చాకలి, మంగలి మొదలైన వృత్తులవారి మేరలు అక్కడే కొలిచేవారు. పాలేరు జీతంలో ప్రధాన భాగం వడ్లే. పుట్టికి 20 తూములు, తూముకు 4 కుంచాలు అన్న లెక్క సాధారణమైనా, కుంచపు పరిమాణం సీమను బట్టి మారేది. కుంచం సొంతదారు ఆసామి. కొలిచే చేయి ఆయన మనిషిది. తలకొట్టి కొలవడానికీ, రాశిగా కొలవడానికీ ఉన్న తేడా కూలివాని గింజలలో తేలేది. నాణేనికి టంకశాల ఎటువంటిదో ఈ ద్రవ్యానికి కుంచం అటువంటిది. దాని మీద అధికారం ఎవరిదన్నదే అసలు ప్రశ్న.

ధాన్యపు అప్పు మీద ధాన్యంగానే చెల్లించే వడ్డీ నాగు. ఆషాఢంలో తూము తీసుకొని సంక్రాంతికి తూమున్నర కొలిచాడనుకుందాం. తీసుకున్ననాడు ధర ఎక్కువ, ఇచ్చిననాడు తక్కువ. కాబట్టి రూపాయలలో చూస్తే వడ్డీ సగానికంటె తక్కువగా కనబడుతుంది. కాని ఆ గింజలను గాదెలో నిలవజేసి తిరిగి ఆషాఢం వరకు ఆగగలవాడు అప్పిచ్చినవాడే. నాగులోని లాభమంతా ఆ ఆగగల శక్తిలో ఉన్నది.

ఆనకట్ట తరువాత

1852–55 మధ్య బెజవాడ వద్ద ఆనకట్ట వెలసింది. కాలువల కింద వరి విస్తరించి, బియ్యం దూరపు అంగళ్లకు తరలింది. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. నగదు వ్యవస్థ ఇంతగా వేళ్లూనిన తరువాతనే దాని ప్రమాదమూ తెలిసివచ్చింది. 1930 తరువాతి ఆర్థికమాంద్యంలో ధాన్యం ధర పడిపోయింది. ధర సగమైతే నూరు రూపాయల అప్పు తీర్చడానికి రెట్టింపు వడ్లు కావాలి. పది బస్తాల కౌలు మాత్రం పది బస్తాలే. 1942లో బర్మా జపాను వశమై అక్కడి బియ్యం ఆగిపోయినప్పుడు పరిస్థితి తలకిందులైంది. అప్పుడు నగదు కూలి కరిగిపోతుంటే గింజల కూలి కడుపు నింపింది.

అదే మాంద్యంలో ఆస్ట్రియాలోని వోర్గ్ల్ పట్టణం 1932లో సొంత చీటీలను ముద్రించింది. మరుసటి ఏటనే ప్రభుత్వం వాటిని నిషేధించింది. డెల్టా ధాన్యాన్ని ఎవరూ ముద్రించలేదు, కనుక నిషేధించడానికీ వీలు లేదు. ప్రభుత్వం దానిని చట్టంలోకి తీసుకోవలసి వచ్చింది. 1938 నాటి మద్రాసు వ్యవసాయదారుల ఋణ విమోచన చట్టం నగదు బాకీలతో పాటు వస్తురూపమైన బాకీలను కూడా ఋణంగా నిర్వచించింది. 1948 నాటి కనీస వేతనాల చట్టం వేతనం నగదుగా ఇవ్వాలంటూనే, ఆచారమున్న చోట వస్తురూపంలో ఇచ్చేందుకు ప్రభుత్వం అనుమతించవచ్చునన్నది. దశాబ్దం వ్యవధిలో వచ్చిన ఈ రెండు చట్టాలు ధాన్యం ద్రవ్యంగా పనిచేసిందనడానికి బలమైన సాక్ష్యాలు.

బస్తా అనే లెక్క

నేటికీ డెల్టాలో వరి పొలం కౌలును ఎకరానికి ఇన్ని బస్తాలని మాట్లాడుకోవడం పరిపాటి. బస్తా 75 కిలోలు. చేతులు మారేది తరచుగా నగదే. బస్తా కేవలం లెక్క. 2024–25లో సాధారణ రకం వడ్లకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు. ఆ ప్రకారం బస్తా 1,725 రూపాయలు. ఏ ధర కట్టాలన్న దగ్గరే తగవు మొదలవుతుంది.

కౌలు రూపాలను పోల్చితే ఈ తగవు మూలం తెలుస్తుంది. పంట పంపకంలో దిగుబడి నష్టాన్నీ, ధర నష్టాన్నీ ఇరువురూ పంచుకుంటారు. నగదు కౌలులో రెండూ కౌలుదారువే. నిర్ణీత బస్తాల కౌలులో ధర భారం భూయజమానికి, తుపాను భారం కౌలుదారుకు. తుపానులు తప్పని తీరంలో ఈ విభజన సామాన్యమైనది కాదు. పైగా ఒప్పందం ఎక్కువగా నోటిమాటే. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం 11 నెలల ఒప్పందపత్రానికి వీలు కల్పించినా, దానికి భూయజమాని సంతకం కావాలి. సంతకం లేనివానికి బ్యాంకు తలుపు తెరుచుకోవడం కష్టం; అతడు తిరిగి వడ్డీవ్యాపారినే ఆశ్రయిస్తాడు.

ముగింపు

వరికోత యంత్రాల రాకతో కళ్లం కనుమరుగవుతున్నది. ఆంధ్రా బ్యాంకు సైతం 2020లో యూనియన్ బ్యాంకులో విలీనమైంది. బస్తా లెక్క మాత్రం నిలిచే ఉన్నది. ధాన్యద్రవ్యాన్ని సహకార జీవనానికి ఆదర్శంగా కీర్తించడం గాని, వెనుకబాటుతనంగా తోసిపుచ్చడం గాని ఈ చరిత్రకు న్యాయం చేయవు. గింజలలో కూలి కూలివానికి రక్షణ. గింజలలో కౌలు కరువు ఏట కౌలుదారుకు ఉరి. కాబట్టి ద్రవ్యం ఏదన్నదానికంటె, దానిని ఎంచుకొనే హక్కు, కొలిచే హక్కు ఎవరివన్నదే డెల్టా ఆర్థిక చరిత్రకు కీలకమైన ప్రశ్న.