ఘంటసాల: రేవు నుంచి వరిచేల దాకా

కృష్ణా జిల్లాలోని ఘంటసాల మండలం పటంలోకి వచ్చింది 1985లో, రాష్ట్రమంతటా తాలూకాల స్థానంలో మండలాలు ఏర్పడినప్పుడు. పాలన కోసం గీసిన ఆ హద్దు కొత్తదే. దాని లోపలి ఊళ్లను కలిపి ఉంచింది మాత్రం ఎంతో పాతది: కృష్ణ తెచ్చిన ఒండ్రు. రేవును పూడ్చిందీ ఆ ఒండ్రే, వరి పండించిందీ అదే. ఘంటసాలను ‘ఒకప్పటి బౌద్ధక్షేత్రం’ అని ఒక్కమాటలో తేల్చేస్తే ఈ సంగతి మరుగున పడుతుంది.

క్రీ.శ. 2వ శతాబ్దంలో భూగోళవేత్త టాలమీ మైసోలియా (కృష్ణా ముఖద్వార ప్రాంతం) తీరాన ‘కంటకొస్సైల’ అనే వర్తక కేంద్రాన్ని పేర్కొన్నాడు. అది ఘంటసాలే అంటే, సముద్రం ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది కదా అన్న అభ్యంతరం వస్తుంది. కానీ నేటి తీరాన్ని బట్టి నాటి రేవును కొలవలేం. ఏటా మేట వేస్తూ వచ్చిన నది శతాబ్దాల పాటు సముద్రాన్ని వెనక్కి నెట్టింది. పైగా ఏటిపాయల్లో పడవలు లోపలికి వస్తే రేవు అలల ఒడ్డునే ఉండనక్కర్లేదు. అంతకన్నా గట్టి సాక్ష్యం రాళ్ల మీదే ఉంది. ఘంటసాలలో దొరికిన ప్రాకృత శాసనం శివకుడనే మహానావికుణ్ణి పేర్కొంటుంది. నాగార్జునకొండలోని ఇక్ష్వాకుల కాలపు శాసనంలో బోధిశ్రీ అనే ఉపాసిక కంటకసేల (ఘంటసాల) మహాచైత్యం తూర్పు వాకిట రాతి మండపం కట్టించిన ముచ్చట ఉంది. కృష్ణ ఎగువ నుంచి దాత, సముద్రం మీది నుంచి నావికుడు ఇద్దరూ ఈ ఊరికే చేరారంటే, ఇక్కడి స్తూపాన్ని పోషించింది నీటి మీది రాకపోకలేనని నా నిశ్చయం. 19వ శతాబ్దం చివర పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ రీ తవ్వించిన ఆ స్తూపంలో ఇటుక గోడలు బండిచక్రపు ఆకుల్లా అమరి ఉన్నాయి. ఇక్కడి శిల్పాలు కొన్ని నేడు పారిస్‌లోని గిమే మ్యూజియంలో ఉన్నాయి.

బౌద్ధ స్తూపానికీ, ఇదే మండలంలోని శ్రీకాకుళం ఆంధ్ర మహావిష్ణువు ఆలయానికీ సంబంధమేమిటని అడగవచ్చు. మతపరంగా ఏమీ లేదు. కానీ రెంటికీ ఆధారం కృష్ణే. కళింగ దండయాత్ర వేళ విజయవాడలో విడిది చేసిన కృష్ణదేవరాయలు నది దిగువనున్న శ్రీకాకుళానికి వచ్చాడనీ, ఇక్కడి స్వామి కలలో కనబడి కావ్యం చెప్పమన్నాడనీ ‘ఆముక్తమాల్యద’ అవతారిక చెబుతుంది. అదే నదిపై 1855లో విజయవాడ ఆనకట్ట పూర్తయి కాలువలు సాగాక, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చాక, ఆ ఒండ్రునేల డెల్టా ధాన్యాగారంలో భాగమైంది.

అందుకే ఘంటసాలకు వచ్చినవారికి స్తూపాన్ని మాత్రమే చూపి పంపడం చాలదు. స్తూపం, శ్రీకాకుళం, పాత ఏటిపాయలు, కాలువలు ఒకే పటంలో కనబడే ఏర్పాటు అధికారులు చేయాలి. పొలం దున్నేటప్పుడు పాత ఇటుకో రాతిపలకో బయటపడితే రైతులు దాన్ని కదిలించకుండా పురావస్తు శాఖకు కబురు చేయాలి.