వజీఫాతో చదివిన సర్జన్ - మర్హూం డాక్టర్ ముఖ్తార్ అహ్మద్ అన్సారీ



మనలాంటి సంఘాలు పిల్లల చదువుకు వజీఫా యిచ్చినప్పుడల్లా ఒక మాట వినబడుతూనే వుంటుంది. "చదివిస్తాం సరే, రేపు వాడు పెద్ద డాక్టరయ్యాక మన గుమ్మం తొక్కుతాడా?" అని. అడిగేవాళ్ళను తప్పు పట్టలేం. చందా డబ్బు వూరికే వచ్చేది కాదు గదా. అయితే మన హైదరాబాద్ వజీఫాతోనే చదువుకున్న ఒక మహా సర్జన్ జీవితం చూస్తే, ఈ ప్రశ్ననే కాస్త మార్చుకోవాలనిపిస్తుంది.

డాక్టర్ అన్సారీ 1880 డిసెంబరు 25న ఉత్తరప్రదేశ్‌లోని గాజీపూర్ జిల్లా యూసుఫ్‌పూర్ అనే చిన్న వూళ్ళో పుట్టారు. బడి చదువు గాజీపూర్‌లోని విక్టోరియా హైస్కూల్లో సాగింది. ఇంట్లో వైద్యం వుంది. అన్నగారు హకీం అబ్దుల్ వహాబ్ గారికి చూపు లేదు. నాడి పట్టుకుని జబ్బు చెప్పేవారు. అందుకే లోకం ఆయన్ను హకీం నాబీనా అని పిలిచింది. అల్లామా ఇక్బాల్ అంతటివారు కూడా ఆయన మందు వాడారు.

తర్వాత ఆ కుటుంబం హైదరాబాద్‌కు వచ్చింది. నిజాం సర్కారు యిచ్చిన వజీఫాతో అన్సారీ వైద్యం చదవడానికి ఇంగ్లండు వెళ్ళారు. 1905 నాటికి ఎం.డి., ఎం.ఎస్. పట్టాలు పుచ్చుకున్నారు. లండన్‌లో లాక్ హాస్పిటల్‌లోనూ, చేరింగ్ క్రాస్ హాస్పిటల్‌లోనూ పనిచేశారు. తెల్లవాళ్ళ ఆస్పత్రిలో ఒక హిందూస్థానీ సర్జన్ కత్తి పట్టడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

1910లో స్వదేశానికి తిరిగివచ్చారు. కాని ప్రాక్టీసు పెట్టింది హైదరాబాద్‌లో కాదు, ఢిల్లీలో. వజీఫా యిచ్చిన వూరికి సర్జన్ దక్కలేదు. మనవాళ్ళలో కొందరు దీన్ని చూసి "అదుగో, చెప్పలేదా!" అంటారేమో. వుండండి, తర్వాత కథ వినండి.

1912 అక్టోబరులో బాల్కన్ యుద్ధం మొదలైంది. బల్గేరియా, సెర్బియా, గ్రీస్, మాంటెనీగ్రో కలిసి తుర్కీ మీద పడ్డాయి. గాయపడ్డ సిపాయిలకు చికిత్స చేసే చేతులు అక్కడ చాలలేదు. ఢిల్లీ నుంచి మౌలానా ముహమ్మద్ అలీ నడిపిన కామ్రేడ్ పత్రిక పిలుపుతో చందాలు పోగయ్యాయి. ఆ సొమ్ముతో ఒక వైద్య బృందం బయలుదేరింది. దానికి నాయకుడు డాక్టర్ అన్సారీ. ప్రాక్టీసు పెట్టి యింకా మూడేళ్ళు నిండలేదు. నాలుగు రాళ్ళు వెనకేసుకునే వయసు. అదంతా పక్కన పెట్టి ఆ డిసెంబరులో బొంబాయిలో ఓడ ఎక్కారు. 1913 జూలై దాకా పరాయి దేశపు క్షతగాత్రులకు సేవ చేసి తిరిగివచ్చారు.

ఢిల్లీలో ఆయన పేరు పెరిగింది. రాంపూర్, భోపాల్ వంటి సంస్థానాల ప్రభువులు వైద్యం కోసం ఆయన్ను పిలిపించుకునేవారు. అక్కడ వచ్చిన డబ్బు యిక్కడ బీదవాళ్ళకు, జాతీయోద్యమానికి, చదువుకు పోయేది. దరియాగంజ్‌లో ఆయన యింటి పేరు దారుస్సలాం. శాంతి నిలయం అని అర్థం. 1931లో గాంధీ-ఇర్విన్ ఒప్పందం మాటలు జరిగిన రోజుల్లో గాంధీజీ బస చేసింది ఆ యింట్లోనే.

1924లో కోహాట్ మతకలహాల తర్వాత హిందూ ముస్లిం ఐక్యత కోసం గాంధీజీ ఢిల్లీలో మౌలానా ముహమ్మద్ అలీ గారింట 21 రోజుల ఉపవాసం మొదలుపెట్టారు. ఆ బక్క ప్రాణాన్ని కనిపెట్టుకుని వున్న డాక్టర్లలో ముఖ్యులు అన్సారీ. ఒక ముస్లిం యింట్లో ఒక హిందువు ప్రాణానికి ఒక ముస్లిం వైద్యుడు కాపలా! ఐక్యత మీద వంద వుపన్యాసాలు యింతకంటే ఏం చెబుతాయి?

1927లో మద్రాసు కాంగ్రెస్ మహాసభకు ఆయన అధ్యక్షులు. సైమన్ కమిషన్‌ను బహిష్కరించాలన్న తీర్మానం అక్కడిదే. మరుసటి ఫిబ్రవరిలో అదే మద్రాసులో మన టంగుటూరి ప్రకాశం పంతులు గారు తుపాకీకి రొమ్ము చూపిన సంగతి తెలుగువాళ్ళందరికీ తెలుసు.

ఇక తాలీమ్ మాట. 1920లో జామియా మిల్లియా ఇస్లామియాను స్థాపించిన పెద్దల్లో అన్సారీ ఒకరు. డబ్బు లేక అది మూతపడే స్థితికి వచ్చినప్పుడు, 1925లో అలీగఢ్ నుంచి ఢిల్లీకి తెచ్చి నిలబెట్టడంలో హకీం అజ్మల్ ఖాన్ గారికి తోడుగా నిలిచారు. హకీం సాహెబ్ 1927లో కన్నుమూశాక ఆ భారం పూర్తిగా తన భుజాన వేసుకున్నారు. ఒకప్పుడు వజీఫా పుచ్చుకున్న చెయ్యి యిలా ఎందరో పిల్లలకు చదువు పెట్టింది.

ఆయన్ను ఫరిష్తా అని నేననను. గ్రంథుల అతుకుతో ముసలితనాన్ని ఆపవచ్చని ఆ రోజుల్లో యూరపులో ఒక వాదం వుండేది. అన్సారీ దాన్ని నమ్మి ఆపరేషన్లు చేశారు, పుస్తకమూ రాశారు. తర్వాతి వైద్యశాస్త్రం ఆ వాదాన్ని నిలబెట్టలేదు. మనిషి గొప్పతనం అన్నీ సరిగ్గా చెప్పడంలో లేదు, ఎవరి కోసం తన విద్యను ఖర్చుపెట్టాడన్న దాంట్లో వుంది.

వూరందరి ఒళ్ళూ చూసినాయన తన ఒళ్ళు చూసుకోలేదు. ఆరోగ్యం చెడి 1935లో కాంగ్రెస్ పార్లమెంటరీ బోర్డు బాధ్యత వదిలారు గాని డాక్టరుగా మాత్రం విశ్రాంతి తీసుకోలేదు. 1936 మే నెలలో ముస్సోరీ నుంచి ఢిల్లీకి తిరిగివస్తూ 10వ తేదీన రైల్లోనే గుండె ఆగి కన్నుమూశారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజివూన్. అప్పటికి ఆయన వయసు 55. తాను పెంచిన జామియా నేలలోనే ఆయన్ను ఖననం చేశారు. ఢిల్లీలో ఎయిమ్స్ పెద్దాస్పత్రి వున్న పేట పేరు యీనాటికీ అన్సారీ నగర్.

కనుక సోదరులారా, వజీఫా అప్పు యిచ్చినవాడి గుమ్మంలోనే తీరాలని లేదు. హైదరాబాద్ యిచ్చిన సొమ్ము తుర్కీలో గాయాలు కట్టింది, ఢిల్లీలో బీదల నాడి చూసింది, జామియాలో బడి నడిపింది. రేపు మన పిల్లవాణ్ణి పంపేటప్పుడు "మళ్ళీ మా దగ్గరకు వస్తావా?" అని అడగవద్దు. "నీ ముందుకు వచ్చినవాణ్ణి నీవాడిగా చూస్తావా?" అని అడుగుదాం. తల్లిదండ్రులు కూడా యింట్లో ఆ మాటే చెప్పాలి.

అల్లాహ్ మర్హూం డాక్టర్ సాహెబ్‌కు జన్నత్ ప్రసాదించుగాక. మన పిల్లల చేతులకు అలాంటి షిఫానూ, వాళ్ళ గుండెలకు అలాంటి దయనూ యిచ్చుగాక. ఆమీన్.