కులానికి వయసుంది

పోటీ పరీక్షలకు చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు లాల్జీ సింగ్ ఒక బిట్ ప్రశ్న. భారత డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ పితామహుడు, 2004లో పద్మశ్రీ. అక్కడితో పేజీ తిప్పేస్తాం. మనకు కావలసింది ఆ తర్వాతే ఉంది.

1947లో యూపీలోని జౌన్‌పూర్ జిల్లా పల్లెలో పుట్టాడు. పాముల్లో ఆడా మగా ఎలా తేలుతుందో వెతుకుతూ, కట్లపాము జాతిలో పదేపదే వచ్చే ఒక డీఎన్‌ఏ వరసను పట్టుకున్నాడు. హైదరాబాద్ సీసీఎంబీలో దాంతోనే మనుషుల్ని గుర్తుపట్టే పరీక్ష తయారుచేశాడు. 1991లో మనకు దగ్గర్లోని శ్రీపెరంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య జరిగితే, హంతకురాలి శరీరాన్ని గుర్తించడంలో ఈ పరీక్షే పనికొచ్చింది.

2009లో ఆయన, అదే సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్, అమెరికాలోని డేవిడ్ రైక్ బృందం కలిసి 25 సమూహాల డీఎన్‌ఏ చదివారు. అందులో మన మాల, మాదిగ, వెలమ, వైశ్యులూ ఉన్నారు. తేలిందేమిటి? దేశంలో దాదాపు అందరం రెండు ప్రాచీన జనాల కలయికే. పై కులాల్లో ఉత్తరాది పాలు కాస్త ఎక్కువ. అంతే తేడా. కలవని రక్తమంటూ ఎవరికీ లేదు.

2013లో తంగరాజ్, రైక్ బృందాలు ఇంకో అడుగు వేశాయి. ఆ కలయిక సుమారు 4200 నుంచి 1900 ఏళ్ల కిందటి మధ్య జరిగింది. తర్వాత ఆగిపోయింది. అంటే ఒకప్పుడు అందరూ అందరితో పెళ్లాడారు. ఆ తర్వాత ఎవరో తలుపు మూశారు.

ఆ తలుపు పేరు బాబాసాహెబ్ 1916లోనే చెప్పాడు. కొలంబియాలో చదివిన వ్యాసంలో కులానికి ప్రాణం సొంత కులంలోనే పెళ్లి అన్నాడు. అప్పటికి డీఎన్‌ఏ నిర్మాణమే ఎవరికీ తెలియదు!

మూసిన తలుపు మూసినవాళ్లనూ వదల్లేదు. వైశ్యుల్లో ఒక ఎంజైమ్ లోపం ఎక్కువ. ఆపరేషన్‌కు ముందు కండరాలు సడలించే కొన్ని మందులు అలాంటివారికి ప్రమాదం. అది వాళ్ల తప్పు కాదు, తరతరాలుగా ఆ గోడల మధ్యే పెళ్లిళ్లు చేసుకున్న ఫలితం.

కులం జన్యువుల్లో ఉందని ఎవరైనా అంటే నమ్మొద్దు. జన్యువుల్లో ఉన్నది కులం కాదు, కులం పెట్టిన కట్టడి మిగిల్చిన గుర్తు. ఎస్వీ యూనివర్సిటీలో బయోటెక్నాలజీ చదివే మన పిల్లలు ఈ పేపర్లు తెరిచి చదవాలి. మొదలున్నదానికి ముగింపూ ఉంటుంది. అది ల్యాబులో కాదు, మన పెళ్లిపందిళ్లలో రావాలి.

జై భీమ్.